నాకు ఓత్ పడేలోపు అబ్బాయికి 18 నిండితే వాడి సిటిజన్‌షిప్ పోయినట్టేనా?

ఫ్రిస్కో_అమ్మ:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టే. వివరాలు చెప్పకపోతే మళ్లీ మీరే అడుగుతారని అన్నీ ఒకేచోట రాసేస్తున్నాను.

నాకూ మా అబ్బాయికీ గ్రీన్‌కార్డులు 2020లో వచ్చాయి, నా ఉద్యోగం మీదే. అయిదేళ్లు నిండాక ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) వేశాను. ఇంటర్వ్యూ బాగానే జరిగింది, అప్రూవల్‌కి రికమెండ్ చేశామని టిక్ పెట్టిన కాగితం చేతికిచ్చి పంపారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఆన్‌లైన్‌లో చూస్తే ఓత్ సెరిమనీ (సిటిజన్‌గా ప్రమాణం చేయించే కార్యక్రమం) షెడ్యూల్ చేస్తామని ఉంటుంది, తేదీ మాత్రం ఉండదు. అసలు టెన్షన్ ఏంటంటే అబ్బాయికి వచ్చే నెలాఖరుకి 18 నిండుతాయి. తల్లికో తండ్రికో సిటిజన్‌షిప్ వస్తే 18 లోపు పిల్లలకి దానంతట అదే వచ్చేస్తుందంటారు కదా, మరి లెక్క ఏ రోజుది? నేను ఇంటర్వ్యూ పాసైన రోజుదా, ఓత్ తీసుకున్న రోజుదా? ఇంటర్వ్యూ అయిపోయింది కాబట్టి పర్లేదని ఒకరు, కుదరదని ఇంకొకరు చెప్తున్నారు, వింటుంటే ఉన్న మతి పోతోంది.

ఇంకో చిక్కు. వాళ్ల నాన్న హైదరాబాద్‌లోనే ఉంటారు. మేం 2014లో మ్యూచువల్ కన్సెంట్‌తో విడిపోయాం. డిక్రీ రెండు పేజీలే. పెళ్లి రద్దయిందని తప్ప బాబు ఎవరి దగ్గర ఉండాలో అందులో ఒక్క ముక్క లేదు. అప్పటి నుంచీ నాతోనే ఉన్నాడు, ఆయన ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. వాడి బర్త్ సర్టిఫికెట్‌లో పేరే లేదు, పేరు గడిలో ఒక అడ్డగీత కొట్టి ఉంటుంది, కింద మా ఇద్దరి పేర్లు, అందులో నాది పుట్టింటి ఇంటిపేరు. నా పాస్‌పోర్టులో, గ్రీన్‌కార్డులో అత్తింటి ఇంటిపేరు. (అది మార్చుకుందామనే ఎన్-400లో పేరు మార్పు కూడా అడిగాను.)

పైగా డిసెంబర్‌లో మా చెల్లెలి పెళ్లికి ఇద్దరికీ టికెట్లు కొనేశాను. ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాతో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గ్రీన్‌కార్డ్_గోవిందం:

కంగారు పడకండి అండీ. ఎన్-600 అని సర్టిఫికెట్ ఆఫ్ సిటిజన్‌షిప్ ఫారం ఉంటుంది. అబ్బాయికి 18 నిండకముందే ఆన్‌లైన్‌లో వేసేయండి, రసీదు తేదీకి వయసు లాక్ అయిపోతుంది. మా కొలీగ్ వాళ్లమ్మాయికి గ్రీన్‌కార్డు టైమ్‌లో అలాగే లాక్ అయింది.

ఎడిసన్‌వాసి:

గోవిందం గారూ, ఆ సలహా వద్దండీ, డబ్బు దండగ. మీరు చెప్పే వయసు లాక్ సీఎస్‌పీఏ చట్టంలోది, అది గ్రీన్‌కార్డుల వరకే. సిటిజన్‌షిప్ విషయంలో అలాంటి లాక్ లేదు. ఎన్-600 ఎప్పుడు వేశారన్నది అసలు లెక్కలోకే రాదు. అబ్బాయి అప్పటికే సిటిజన్ అయిపోయాడని ధ్రువీకరించే కాగితం అది, అంతేగానీ సిటిజన్‌ని చేసే కాగితం కాదు. 18కి ముందైనా వేయొచ్చు, 40 ఏళ్లకైనా వేయొచ్చు. తల్లికి ఓత్ కాకుండా వేస్తే మాత్రం తిప్పికొడతారు, ఆన్‌లైన్‌లో కట్టిన 1,335 డాలర్లూ పోతాయి.

ఫ్రిస్కో_అమ్మ గారూ, మీ విషయానికొస్తే లెక్క ఓత్ రోజుదే. ఇంటర్వ్యూ పాసవడం, అప్రూవల్, ఇవేవీ మిమ్మల్ని సిటిజన్‌ని చేయవు, ఓత్ అయిన క్షణం నుంచే మీరు సిటిజన్. 2000లో చైల్డ్ సిటిజన్‌షిప్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చారు, 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉండాలి, ఇక్కడే నివాసం ఉండాలి, సిటిజన్ అయిన తల్లి లేదా తండ్రి లీగల్ కస్టడీలోనూ, నిజంగా వాళ్ల దగ్గరా ఉండాలి, వయసు 18 నిండకూడదు. ఇవన్నీ ఒక్క రోజైనా, ఒక్క పూటైనా ఏకకాలంలో నిజమైతే చాలు, ఆ రోజే వాడు సిటిజన్. ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు, వాడు అప్లై చేయక్కర్లేదు. ఏది ముందు ఏది వెనక అన్న పట్టింపు కూడా లేదు, తల్లి ముందు సిటిజన్ అయి పిల్లాడికి గ్రీన్‌కార్డు తర్వాత వచ్చినా సరే, 18 లోపు అన్నీ కలిస్తే సరిపోతుంది. కాబట్టి మీకు పుట్టినరోజుకి ముందు రోజు ఓత్ పడినా వాడు సిటిజనే. పుట్టినరోజు దాటాక పడితే మీ ద్వారా రాదు, వాడంతట వాడు ఎన్-400 వేసుకోవాలి.

ఇక మీరు బ్రాకెట్లో అలవోకగా రాసేసిన ముక్కే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తోంది. ఎన్-400లో పేరు మార్పు అడిగారు కదా. యూఎస్‌సీఐఎస్‌కి (ఈ దరఖాస్తులు చూసే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సొంతంగా పేరు మార్చే అధికారం లేదు, అది జడ్జి చేయాలి. అందుకని పేరు మార్పు అడిగినవాళ్లని ఆఫీసులో జరిగే మామూలు ఓత్‌లో కూర్చోబెట్టరు, ఫెడరల్ కోర్టులో జరిగే సెరిమనీకే పంపుతారు. కోర్టువి మరీ తరచుగా జరగవు, జడ్జి వీలు చూసుకుని పెడతారు. మీ ఫైలు ఆగింది అక్కడే కావచ్చు. పేరు మార్పు వెనక్కి తీసుకుంటున్నానని రాతపూర్వకంగా ఇవ్వండి, ఇవాళే. మీ ఆన్‌లైన్ అకౌంట్‌లో సెక్యూర్ మెసేజ్ పెట్టండి, మీకు ఇంటర్వ్యూ చేసిన ఫీల్డ్ ఆఫీసుకి ఉత్తరం కూడా పంపండి. అబ్బాయి పుట్టిన తేదీ మొదటి వాక్యంలోనే ఉండాలి. ఇంటిపేరు తర్వాత టెక్సస్ స్టేట్ కోర్టులో తీరిగ్గా మార్చుకోవచ్చు, దానికి గడువేం లేదు.

ఫ్రిస్కో_అమ్మ:

అమ్మో, పేరు మార్పు వల్ల ఆగుతుందని నాకు ఒక్కరూ చెప్పలేదండీ. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఏదో పిటిషన్ మీద సంతకం పెట్టించుకున్నారు, అదే అనుకుంటా. మెసేజ్ ఇప్పుడే పెడతాను. అయినా కదలకపోతే? తొందరగా తేల్చమని అడగడానికి ఎక్స్‌పెడైట్ అని ఏదో ఉంటుందంటారు?

ఎడిసన్‌వాసి:

ఉంటుంది. కాంటాక్ట్ సెంటర్‌కి ఫోన్ చేసి అడగొచ్చు, లేదా అదే అకౌంట్ నుంచి పెట్టొచ్చు. ఇచ్చి తీరాలనేం లేదు, వాళ్ల ఇష్టం. చట్టంలో ఓత్ ముందుకి జరపడానికి రాసిన కారణాలు తీవ్రమైన అనారోగ్యం, వైకల్యం, వృద్ధాప్యం, ఉద్యోగం లేదా ప్రయాణానికి సంబంధించిన అత్యవసరం, ఇలాంటివి. పిల్లాడికి 18 నిండిపోతున్నాయన్నది ఆ జాబితాలో పేరు పెట్టి లేదు, అయినా అడగడంలో తప్పులేదు. దాంతోపాటు మీ ఏరియా కాంగ్రెస్‌మెన్ ఆఫీసుకి రాయండి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఫెడరల్ ఏజెన్సీతో సహాయం అని ఒక పేజీ ఉంటుంది, ప్రైవసీ రిలీజ్ ఫారం ఒకటి సంతకం పెట్టి పంపితే వాళ్ల స్టాఫ్ మీ తరఫున యూఎస్‌సీఐఎస్‌ని అడుగుతారు. మీరు సిటిజన్ కాకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు. పైసా ఖర్చు లేదు. రెండు వాక్యాల్లో విషయం చెప్పండి, కథంతా వద్దు.

పాతకాపు:

ఎడిసన్ అన్నయ్య చెప్పిందాంట్లో మార్చాల్సిందేం లేదు, నేను ఇంకో వైపు నుంచి చెప్తా. ఒకవేళ ఓత్ ఆలస్యమైందే అనుకోండి, అయినా కొంపలేం మునగవు. మీ వాడికి గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు దాటాయి కదా. 18 నిండిన రోజునే వాడు సొంతంగా ఎన్-400 వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో 710 డాలర్లు. వాడికి వాడే ఇంటర్వ్యూ, సివిక్స్ టెస్టు, ఓత్. ఇక్కడ స్కూల్లో చదివిన పిల్లాడికి ఆ టెస్టు ఓ లెక్కా? కొన్ని నెలలు ఆలస్యం, కొంత ఖర్చు, అంతే. గ్రీన్‌కార్డు వచ్చి రెండు మూడేళ్లే అయిన పిల్లలకైతే ఇది నిజంగా పెద్ద దెబ్బ, మీకు కాదు. కాబట్టి రాత్రిళ్లు నిద్ర మానుకోకండి.

కస్టడీ సంగతి మాత్రం ఇప్పుడే సర్దుకోండి. మ్యూచువల్ కన్సెంట్ కేసుల్లో మన ఫ్యామిలీ కోర్టుల డిక్రీ చాలాసార్లు పొట్టిగానే ఉంటుంది, పిల్లల విషయం డిక్రీలో కాకుండా మీరిద్దరూ సంతకాలు పెట్టిన పిటిషన్‌లోనో, దానికి జతచేసిన ఒప్పందంలోనో ఉంటుంది. మీ పిటిషన్ తీసి చదవండి, "మైనర్ కుమారుడు తల్లి వద్దే ఉంటాడు" లాంటి పేరా ఎక్కడో ఉండే ఉంటుంది. ఉంటే డిక్రీతో పాటు పిటిషన్‌కి, ఆర్డర్‌కి కూడా సర్టిఫైడ్ కాపీలు తెప్పించండి. అక్కడి మీ అడ్వొకేట్ కాపీ అప్లికేషన్ వేస్తే వస్తాయి, మీరు వెళ్లక్కర్లేదు. జిరాక్సు మీద నోటరీ స్టాంపు కొట్టించి పంపితే అది సర్టిఫైడ్ కాపీ అవదు, కోర్టు ముద్ర ఉండాలి.

ఎక్కడా ఒక్క పేరా కూడా లేదనుకోండి, అప్పుడూ దారి ఉంది. కోర్టు ఏమీ తేల్చనప్పుడు పిల్లాడు నిజంగా ఎవరి దగ్గర పెరుగుతున్నాడు, రెండోవాళ్లు దాన్ని ఎప్పుడైనా కాదన్నారా అన్నది చూస్తారు. స్కూల్ రికార్డుల్లో గార్డియన్‌గా మీ పేరు, మీ ట్యాక్స్ రిటర్నుల్లో వాడు డిపెండెంట్‌గా ఉండటం, డాక్టర్ దగ్గర రికార్డులు, ఇన్సూరెన్స్, లీజు మీద వాడి పేరు, ఇవన్నీ ఏడాదివారీగా పెట్టుకోండి. మాటామంతీ ఉంటే వాళ్ల నాన్న గారితో ఒక అఫిడవిట్ రాయించుకోండి, బాబు 2014 నుంచీ తల్లి కస్టడీలోనే ఉన్నాడు, నాకు అభ్యంతరం లేదు అని.

బేఏరియా_బాబాయ్:

బర్త్ సర్టిఫికెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతా. పేరు లేని బర్త్ సర్టిఫికెట్ మన దగ్గర సర్వసాధారణం, ఆసుపత్రి వాళ్లు పుట్టిన మర్నాడే వివరాలు పంపేస్తారు, మనం బారసాల అయ్యాక పేరు పెడతాం, ఎవరూ మళ్లీ మునిసిపాలిటీకి వెళ్లరు. ఇక్కడి ఆఫీసర్‌కి ఆ గడిలో అడ్డగీత చూస్తే ఈ కాగితం ఈ పిల్లాడిదే అని ఎలా తెలుస్తుంది? కాబట్టి ఈ వయసులో ఇంకా పేరు చేర్చడం కుదురుతుందేమో పుట్టిన ఊరి మునిసిపాలిటీలో కనుక్కుని, కుదిరితే అక్కడున్న బంధువులతో అప్లై చేయించండి. అది వచ్చేలోపు వాడి మొదటి స్కూల్ రికార్డు, టీకాల కార్డు, మొదటి ఇండియన్ పాస్‌పోర్టు చివరి పేజీ (అమ్మానాన్నల పేర్లు ఉండేది) తీసి పెట్టుకోండి. పుట్టుక తెలిసిన పెద్దవాళ్లు ఇద్దరితో అఫిడవిట్లు. మీ అమ్మగారు, అత్తగారి తరఫు వాళ్లలో ఒకరు అయితే బాగుంటుంది, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వాళ్లకి ఎలా తెలుసు అన్నది స్పష్టంగా రాయాలి.

మీ ఇంటిపేరు రెండు రకాలుగా ఉంది కాబట్టి రెండింటినీ కలిపే కాగితం ఒకటి కావాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే అదే సరిపోతుంది. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీష్ అనువాదం, అనువదించినవాళ్లు నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన అనువాదం అని సంతకం పెట్టిన ముక్క జతచేయాలి. దానికి నోటరీ అక్కర్లేదు, బయట ఏజెన్సీకి వందలు పోయక్కర్లేదు, రెండు భాషలూ వచ్చిన స్నేహితులు చేసినా సరిపోతుంది.

ఫ్రిస్కో_అమ్మ:

బాబాయ్ గారూ, అడ్డగీత గురించి మీరు చెప్తుంటే మా కాగితం చూసినట్టే ఉంది. పిటిషన్ తీసి చూశాను పాతకాపు గారూ, నాలుగో పేరాలో ఉంది, "మైనర్ చైల్డ్ షల్ రిమైన్ ఇన్ ద కస్టడీ ఆఫ్ ద మదర్" అని. మా లాయర్‌కి ఫోన్ చేశాను, కాపీలకి వేస్తానన్నారు. మరి ఓత్ అయ్యాక ముందు పాస్‌పోర్టుకి వెళ్లాలా, ఎన్-600కా?

ఎడిసన్‌వాసి:

పాస్‌పోర్టే. వాడికి 16 దాటాయి కాబట్టి 130 డాలర్లు ఫీజు, 35 డాలర్లు పోస్టాఫీసులో తీసుకునేది, పదేళ్ల పాస్‌పోర్టు వస్తుంది. తొందరగా కావాలంటే ఇంకో 60. చెల్లుబాటు ఉన్నంతకాలం సిటిజన్‌షిప్‌కి అది పూర్తి రుజువు, చట్టం పాస్‌పోర్టుకీ నాచురలైజేషన్ సర్టిఫికెట్‌కీ (ఓత్ అయ్యాక చేతికిచ్చే సిటిజన్‌షిప్ పత్రం) ఒకే విలువ ఇస్తుంది. మీకు ఇంకో సౌకర్యం ఏంటంటే 16 లోపు పిల్లలకైతే తల్లీతండ్రీ ఇద్దరి అంగీకారం అడుగుతారు, 16, 17 వయసులో ఒకరికి తెలిస్తే చాలు, మీరు పక్కన ఉంటే సరిపోతుంది. హైదరాబాద్ నుంచి సంతకాలు తెప్పించే గొడవ లేదు.

పాస్‌పోర్టుకి కావాల్సినవి: డీఎస్-11 ఫారం, మీ నాచురలైజేషన్ సర్టిఫికెట్ ఒరిజినల్, వాడి బర్త్ సర్టిఫికెట్, గ్రీన్‌కార్డు, కస్టడీ కాగితాలు, అన్నిటికీ ఫోటోకాపీలు. ఒరిజినల్స్ విడిగా పోస్టులో వెనక్కి వస్తాయి. ఇచ్చే ముందు ప్రతి కాగితమూ రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి.

ఎన్-600 అవసరం లేదని నా అభిప్రాయం. వెయ్యి డాలర్లు పైన పెట్టి అదే విషయాన్ని ఇంకో కాగితం మీద రాయించుకోవడం దేనికి?

పాతకాపు:

ఇక్కడ మాత్రం ఎడిసన్ అన్నయ్యతో నేను ఒప్పుకోను. పాస్‌పోర్టు ఇచ్చేది స్టేట్ డిపార్ట్‌మెంట్ (విదేశాంగ శాఖ), ఇమిగ్రేషన్ రికార్డు ఉండేది యూఎస్‌సీఐఎస్ దగ్గర. మీ వాడికి పాస్‌పోర్టు వచ్చినా యూఎస్‌సీఐఎస్ కంప్యూటర్‌లో వాడు గ్రీన్‌కార్డు హోల్డర్‌గానే మిగిలిపోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు, కాలేజీ ఆర్థిక సాయం, కొన్ని ప్రభుత్వ ఉద్యోగాలు, ఇలాంటి చోట్ల సేవ్ అనే సిస్టమ్‌లో చెక్ చేసినప్పుడు పాత స్టేటస్ కనిపించి ప్రతిసారీ పాస్‌పోర్టు చూపించి వివరణ ఇచ్చుకోవాలి. ఎన్-600 వేస్తే ఆ రికార్డు కూడా మారుతుంది, సర్టిఫికెట్‌కి ఎక్స్‌పైరీ లేదు.

ఇంకో కారణం ఉంది. కస్టడీ రుజువులు, ట్యాక్స్ రిటర్నులు, స్కూల్ రికార్డులు ఇవన్నీ ఇవాళ మీ అల్మరాలో ఉన్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత వాడి పాస్‌పోర్టు ఎక్కడో పోయి, మీరు ఇల్లు మారి, ఆ స్కూలు రికార్డులు ఎవరికీ దొరక్కపోతే అప్పుడు మొదటి నుంచి నిరూపించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అంతా చేతిలో ఉన్నప్పుడే చేయించి పడేస్తే ఓ పనైపోతుంది. ఆదాయం తక్కువైతే ఐ-912 ఫారంతో ఫీజు మాఫీ కూడా అడగొచ్చు.

ఎడిసన్‌వాసి:

సరే, పాస్‌పోర్టు ముందు, డబ్బులున్నప్పుడు ఎన్-600 తర్వాత, అంతవరకు ఒప్పుకుంటా. ఎన్-600 రాలేదని ఎవరూ గాభరా పడకూడదు, నా పాయింట్ అదే. ఏది చేసినా పాస్‌పోర్టు రాగానే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి వాడి రికార్డులో సిటిజన్ అని మార్పించండి. అది దానంతట మారదు.

అమ్మమ్మగారి_మనవడు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మా అక్కది దగ్గరి కేసే. అక్కకి ఈ ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది, ఇక్కడ ఎనిమిదేళ్లుగా ఉంటోంది. పాపకి 12 ఏళ్లు, గ్రీన్‌కార్డు ఉండేది కానీ నాలుగేళ్లుగా విజయవాడలో మా అమ్మ దగ్గరే ఉండి చదువుతోంది. పాప కూడా సిటిజన్ అయిపోయినట్టేనా?

పాతకాపు:

కాదు. పైన చెప్పిన దారికి ఇక్కడే నివాసం ఉండాలి, ఏటా సెలవులకి వచ్చి వెళ్లడం నివాసం కాదు. అన్నేళ్లు బయట ఉంటే గ్రీన్‌కార్డు కూడా వదులుకున్నట్టే లెక్కేస్తారు. వేరే దారి ఒకటి ఉంది, ఎన్-600కె. బయట దేశంలో ఉంటున్న పిల్లల కోసమే అది. కాకపోతే ఆ పిల్లలు సిటిజన్ అయిన తల్లి లేదా తండ్రి కస్టడీలో, వాళ్ల దగ్గరే ఉండాలి, మీ పాప అమ్మమ్మ దగ్గర ఉంటోంది కాబట్టి ఇది చిక్కు కావచ్చు. మీ అక్క మొత్తమ్మీద అయిదేళ్లు అమెరికాలో ఉండి ఉండాలి, అందులో రెండేళ్లు ఆమెకి 14 నిండాక గడిపినవై ఉండాలి, ఎనిమిదేళ్లుగా ఉంటోంది కాబట్టి ఆ లెక్క ఇబ్బంది లేదు. పాపకి గ్రీన్‌కార్డు అక్కర్లేదు, ఇంటర్వ్యూకి చట్టబద్ధంగా ఏదో ఒక వీసా మీద వచ్చి ఇక్కడ హాజరైతే చాలు. అయితే ఇది ఆటోమేటిక్ కాదు, అప్లై చేసి, అప్రూవ్ అయ్యి, అంతా పాపకి 18 నిండేలోపే ముగిసిపోవాలి. ఇంకా ఆరేళ్లున్నాయి కదా అని మాత్రం కూర్చోకండి.

కాన్సస్_కోడలు:

ఇంకొక్కటి నాది కూడా. మా వారు 1981లో పుట్టారు, 1994లో అమ్మానాన్నలతో గ్రీన్‌కార్డు మీద వచ్చారు. మామగారు 1997లో సిటిజన్ అయ్యారు, అత్తగారు ఇప్పటికీ అవలేదు. మా వారికి అప్పుడు 16 ఏళ్లు. ఆయన పుట్టుకతో సిటిజన్ కాకపోయినా తండ్రి ద్వారా అయ్యారు కదా, ఇన్నాళ్లూ గ్రీన్‌కార్డు రెన్యూ చేసుకుంటూ వస్తున్నారు, అవసరమా?

ఎడిసన్‌వాసి:

అవసరమే. 2001 ఫిబ్రవరి 27 నాటికి 18 నిండినవాళ్లకి కొత్త చట్టం వర్తించదు, పాత నిబంధన చూడాలి. పాతదాంట్లో మామూలుగా తల్లీతండ్రీ ఇద్దరూ పిల్లాడికి 18 నిండేలోపు సిటిజన్లు కావాలి. ఒకరే చాలు అన్నది ఎప్పుడంటే, రెండోవాళ్లు చనిపోయినప్పుడు, లేదా చట్టపరంగా విడిపోయి పిల్లాడు సిటిజన్ అయినవాళ్ల కస్టడీలో ఉన్నప్పుడు, ఇలాంటి సందర్భాల్లో. మీ అత్తగారు, మామగారు కలిసే ఉన్నారు కాబట్టి ఆయనకి రాలేదు. ముఖ్యంగా ఓటరు నమోదు, సిటిజన్ అని టిక్ పెట్టే ఏ ఫారమూ ముట్టుకోవద్దని చెప్పండి, సిటిజన్ కాకుండా సిటిజన్‌నని చెప్పుకుంటే దేశం నుంచి పంపించేదాకా వెళ్తుంది. ముప్పై ఏళ్ల గ్రీన్‌కార్డు ఉంది, ఎన్-400 వేసుకుంటే అయిపోతుంది కదా.

బేఏరియా_బాబాయ్:

ఫ్రిస్కో అమ్మాయ్, డిసెంబర్ టికెట్ల సంగతి మర్చిపోయారందరూ. ఓత్ అయిన రోజు నుంచి నువ్వూ అబ్బాయీ ఇద్దరూ అమెరికన్లే, ఇక ఇక్కడి నుంచి వెళ్లాలన్నా రావాలన్నా అమెరికన్ పాస్‌పోర్టే వాడాలి. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, పాత ఇండియన్ పాస్‌పోర్టు ఇంకా డేట్ ఉంది కదా అని దాని మీద ఎగిరిపోతే అది అక్కడి పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం నేరం. సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి, అది లేకపోతే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) రాదు. ఓసీఐ డిసెంబర్ లోపు వస్తుందని నమ్ముకుని కూర్చోవద్దు, పాస్‌పోర్టులు రాగానే ఈ-వీసాకి వేసి పెళ్లికి వెళ్లొచ్చి, తర్వాత ఓసీఐ చూసుకో. టికెట్లలో పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఉండాలి, ఇంటిపేరు మార్పు వెనక్కి తీసుకోవడం ఈ రకంగానూ మంచిదే అయింది. పాస్‌పోర్టు మరీ ఆలస్యమైతే ప్రయాణానికి 14 రోజుల లోపు ఉన్నవాళ్లకి డాలస్‌లోనే పాస్‌పోర్ట్ ఏజెన్సీలో అపాయింట్‌మెంట్ ఇస్తారు, ఫోన్ చేయాలి.

ఫ్రిస్కో_అమ్మ:

అప్‌డేట్. పేరు మార్పు వద్దని రాసింది వాళ్ల రికార్డుకి ఎక్కింది, ఓత్‌కి పిలిచే ఎన్-445 నోటీసు వచ్చింది! ఓత్ అబ్బాయి పుట్టినరోజుకి ముందు వారంలోనే. కాంగ్రెస్ ఆఫీసు వాళ్ల వల్లో, పేరు మార్పు తీసేయడం వల్లో తెలీదు కానీ కదిలింది. వాడిని కూడా తీసుకెళ్లాలా? వాడి గ్రీన్‌కార్డు కూడా అడుగుతారా?

పాతకాపు:

శుభం! వాడు రావాల్సిన పనిలేదు, వాడికి ఓత్ లేదు, చూడ్డానికి వస్తే వేరే సంగతి. ఆ రోజుకి ఊళ్లో, మీ ఇంట్లో ఉంటే చాలు. గ్రీన్‌కార్డు మీది ఒక్కటే ఇవ్వాలి. వాడిది ఇంట్లోనే భద్రంగా ఉంచండి, పాస్‌పోర్టుకి అది కావాలి. నోటీసు వెనకవైపు ఇంటర్వ్యూ తర్వాత ఏమైనా మారిందా అని కొన్ని ప్రశ్నలుంటాయి, ప్రయాణాలు చేశారా, ట్రాఫిక్ టికెట్ ఏమైనా పడిందా అని, అవి అదే రోజు ఉదయం నింపండి, ముందే నింపి పెట్టుకోకండి.

సర్టిఫికెట్ చేతికిచ్చాక హాల్ దాటకముందే పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోండి, తప్పుంటే అక్కడే చెప్తే సరిచేస్తారు, బయటికొస్తే సర్టిఫికెట్ మార్పించుకునే ఎన్-565 ఫారం వేసి నెలల తరబడి ఎదురుచూడాలి. అబ్బాయికి 18 నిండాక 30 రోజుల్లో సెలెక్టివ్ సర్వీస్‌లో (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ప్రభుత్వం ఉంచే జాబితా) పేరు నమోదై ఉండాలి, సిటిజన్ అయినా గ్రీన్‌కార్డైనా అది తప్పదు.